విడిగా పెట్టిన గిన్నె

ఎండలు ముదిరితే టైలరమ్మ పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడదు. పాస్తా ఉడుకుతుండగా ఒక ముక్క తీసి, గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. పలుకుండగానే వార్చి, చన్నీళ్లు పోసి, టమాటా, కీరా ముక్కలు, ఆలివ్ నూనె వేసి నిమ్మకాయ పిండుతుంది. సూది గుచ్చుకున్న వేలు చుర్రుమంటుంది. ఉప్పునీళ్లలో ఊరిన నల్ల ఆలివ్ కాయలు మాత్రం ఆ సలాడ్‌లో కలపదు, చిన్న గిన్నెలో విడిగా పెడుతుంది. ఆవిడకి అవంటే ప్రాణం. మొగుడికేమో ఆ వాసన పడదు. "అవి బల్ల మీదుంటే నాకు ముద్ద దిగదు" అనేవాడు. అందుకని కాపురం చేసిన ఇరవై రెండేళ్లూ వాటిని వంటగదిలో నిలబడే తిన్నది. ఆయన వేరొకావిడతో కాపురం పెట్టి నాలుగేళ్లయినా, ఆ చేతికి పాత అలవాటు పోలేదు.

మొన్న ఆదివారం కూతురు అందరినీ భోజనానికి పిలిచింది. ఆయన కొత్త భార్యతో వచ్చాడు. టైలరమ్మ తను చేసి తెచ్చిన సలాడ్ బల్ల మీద పెట్టి, ఆలివ్‌ల గిన్నెను ఆయనకి దూరంగా జరిపింది.

"అటెందుకు జరుపుతావ్, ఇలా ఇవ్వు" అంటూ ఆయన గిన్నెడూ తన పళ్లెంలో బోర్లించుకున్నాడు. "ఇవి లేకపోతే సలాడ్‌కి రుచేముంది?"

కొత్తావిడ మురిసిపోయింది. "మొదట్లో ముట్టనే లేదండీ. నాలుగు రోజులు బతిమాలితే దారికొచ్చారు." అంతలోనే ఖాళీ గిన్నె చూసి నొచ్చుకుంది. "అయ్యో, మీకు ఒక్కటీ మిగల్చలేదే!"

"ఫర్లేదమ్మా" అంది టైలరమ్మ. "నాకు ఆ వాసన పడదు."