దారం చుట్టిన కత్తి

మా ఇంట్లో ఒక కత్తి గురించి చాలాకాలం వాదన నడిచింది. వాడుకుందామని నా భార్య, దాచుకుందామని నేను. ఆ వాదన ముగిసిన రోజు గురించి రాస్తున్నాను. 

మాది కర్ణాటకలో పావగడ పక్క పల్లె. అక్కడ సోలార్ పార్కు పనులు జరిగేటప్పుడు ఉత్తరాది ఇంజనీరు ఒకాయన మా ముందు గదిలో అద్దెకున్నాడు. కత్తులు సేకరించడం ఆయన సరదా. పని ముగించుకుని పోయేటప్పుడు వాటిలో ఒకటి నాకు ఇవ్వబోయాడు. కత్తి చేతి నుంచి చేతికి మారితే ఇద్దరికీ పోట్లాట వస్తుందని మా అమ్మ నమ్మకం. "కింద పెట్టమనప్పా ఆయప్పను," అని అడ్డం వచ్చింది. ఆయన నవ్వుతూ అరుగు మీద పెట్టాడు. నేను తీసుకున్నాను.

అది మడత కత్తి. మూస్తే అరచేతికి సరిపోతుంది. పిడి పాతబడిన దంతం రంగు, రెండు కొనలకూ ఇత్తడి. కోసే అలుగు నిండా సన్నని గీతలు, గాలికి కుంటలో నీళ్లు కదిలినట్లు. పిడి పక్కన చిన్న మీట ఉంది. నొక్కితే లోపలి అలుగు టక్కున బయటికి వస్తుంది. మీట దానంతటది పడకుండా పక్కనే ఒక బిగింపు. "వాడొద్దు, దాచుకో. ఇట్లాంటివి ఇప్పుడు ఎవరూ చేయడం లేదు," అని వచ్చీరాని కన్నడంలో చెప్పాడాయన.

నేను పెద్దగా చదువుకోలేదు. చేను కొలత, బావిలో నీళ్లు, గోడకు పట్టే రాళ్లు, ఇట్లాంటి లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. వాటితోపాటు ఒక అలవాటు వచ్చింది. ఏ వస్తువును చూసినా అది ఎంతకాలానికి ఎంత అరుగుతుందా అని ముందు చూస్తాను. వాడితే కత్తి అరుగుతుంది, దాస్తే అరగదు. నా లెక్క అంతే. పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. ఏడాదికొకసారి ఆయుధపూజకు తీసి, కుంకుమ పెట్టి, మళ్లీ లోపల పెట్టేవాణ్ణి.

"మొద్దు కత్తితో కోసి కోసి నా వంకాయలు పచ్చడి అయితాండాయి," అనేది నా భార్య. "నీ కత్తి మాత్రం పట్టుగుడ్డలో పండుకోని ఉండాది, రాణి మాదిరి."

పోయిన ఆయుధపూజనాడు బిగింపు పాడైందని తెలిసింది. ఏటేటా పెట్టిన కుంకుమ, నూనె లోపలికి దిగి గట్టిపడినట్లున్నాయి. చేతిలోకి తీసుకుని, వేలు ఆనించానో లేదో, అలుగు తెరుచుకుంది. మూసి, గట్టి నూలు దారం చుట్టి చుట్టి ముడివేసి, ఇంట్లో అందరికీ చూపించాను. దీని జోలికి ఎవరూ పోవద్దన్నాను. మా అమ్మ విన్నదో లేదో, తల ఊపింది. బాగు చేయించమంది నా భార్య. బాగు చేయాలంటే పిడి విప్పాలి, విప్పితే గీతలు పడతాయి. దారం ఉంది కదా అని ఊరుకున్నాను.

ఈ ఏడు మా కూతురు కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నడిమి గదిలో దూలానికి తాడు కట్టి పాత చీరతో ఉయ్యాల వేశాం.

బాలింత గదిలో మా అమ్మకు రెండు పట్టింపులు. బిడ్డ కింద ఇనుము ఉండాలి, గాలీ ధూళీ సోకకుండా. రెండోది, ఆ గదిలో ముడి ఉండకూడదు. సంచి మూతికైనా, తువ్వాలు కొంగుకైనా ముడి కనబడితే విప్పేదాకా ఆమెకు నెమ్మది లేదు. ఉయ్యాల తాడు ముడి ఒక్కటే ఆమె సహించింది, అది కూడా గొణుక్కుంటూ. ఇనుముగా మా ఇంట్లో పళ్లు అరిగిపోయిన ఒక పాత కొడవలి ఉండేది. దాన్ని గుడ్డలో చుట్టి ఉయ్యాల అడుగున పెట్టి, దాని మీద మెత్తగా బొంత పరిచి, పాపను పడుకోబెట్టేది. నా తరమూ నా కూతురి తరమూ ఆ కొడవలి మీదే నిద్రపోయాయి.

ఆ రోజు పేరు పెట్టే పండుగ సామాన్ల కోసం నేనూ నా భార్యా బండి మీద పావగడకు వెళ్లాం. బస్టాండు పక్క అంగడిలో ఉండగా ఫోను మోగింది. కూతురి నంబరు. స్పీకరు పెడితే మా అమ్మ గొంతు.

"ఏమప్పా, కొడవలి యాడ పెట్టినారు?"

నా భార్య నాలిక కరుచుకుంది. "పొద్దున గడ్డికి తీసకపోయినా అత్తా. గట్టు మీదనే మరిచిపోయినా."

"పోనీలే. నీ మొగుని కత్తి పెట్టినా పాప కింద. ఇన్నేండ్లకు దానికీ ఒక పని దొరికింది."

ఫోను నోటి దగ్గరికి లాక్కున్నాను. "దారం అట్లనే ఉండాది కదమ్మా?"

"దారమా? ముడి పెట్టుకోని బాలింత గదిలోకి తెస్తానా? విప్పేసినా. కట్టేసిన ఇనుము ఏం కాపాడతాది బిడ్డను?"

"అమ్మా, పాపను ఎత్తుకో! ఇప్పుడే ఎత్తి..."

ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది, ఛార్జింగ్ అయిపోయినట్లుంది. పక్కింటికి చేశాం. మోగి మోగి ఆగిపోయింది. వాళ్లు ఆ వేళకు గొర్రెల వెంట ఉంటారు. కొన్న సామాన్లు అంగట్లోనే వదిలేసి బండి తీశాను.

"నిదానంగా పో, మనం పడితే ఆడికి పోయేవాళ్లు ఎవరు?" అంది నా భార్య. కొంచెం దూరం పోయాక, "ఇంత నిదానమేందయ్యా, తోలు!" అని వీపు మీద కొట్టింది.

నా తల నా మాట వినలేదు, లెక్కలు వేస్తూనే పోయింది. పాప బరువు మూడు కిలోల పైన. మెత్తగా పడుకుంటే ఆ బరువు బొంతంతా పరుచుకుంటుంది, మీట మీద పెద్దగా పడదు. కాళ్లు ఆడిస్తే మడమ బరువంతా ఒక్కచోట ఆనుతుంది. మీట పైకి ఉందా, కిందికి ఉందా? అలుగు తల వైపు తెరుచుకుంటుందా, కాళ్ల వైపా? మంచి జరగడానికి సగం, చెడు జరగడానికి సగం అనుకున్నాను. ఆ సగాన్ని మళ్లీ సగం చేశాను. ఎన్నిసార్లు చేసినా చివర ఏదో మిగులుతూనే ఉంది. ఆ మిగిలినదాంట్లో మా పాప ఉంది.

"గుడ్డ చుట్టింటాది కదా అత్త," అంది నా భార్య వెనకనుంచి. "కొడవలికి చుట్టినట్ల. మందంగా చుట్టింటాది."

"చుట్టేటప్పుడే నొక్కుకున్నింటే?"

ఆమె నా చొక్కాను పిడికిట్లో పట్టుకుంది.

పార్కు మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా సోలార్ పలకలే పలకలు. ఒక మలుపు దగ్గర, పలకల వరుసలకు అవతల, మా ఇంటి మీది నీళ్ల ట్యాంకు కనబడింది. మధ్యలో ఉన్నది పార్కుకు లీజుకిచ్చిన మా చేనే. ఇంతకుముందు ఆ చేనిలో బండిబాట ఉండేది, దాంట్లో పడితే నేరుగా మా పెరట్లోకి తేలేవాళ్లం. ఇప్పుడు కంచె. నా చేనుకు అవతల నా మనవరాలు కత్తి మీద పడుకుని ఉంది, నేను చుట్టూ తిరిగి పోవాలి. ట్యాంకు కాసేపు ఎడమకు కనబడింది, తర్వాత వెనక్కి పోయింది. ఇంటికి దూరమవుతున్నామా అనిపించి ఇంకా గట్టిగా తోలాను.

బండిని వాకిట్లోనే పడేసి లోపలికి పరుగెత్తాం. పెరట్లో మా అమ్మ పాప స్నానానికి నీళ్లు కాగబెడుతోంది. గదిలో కూతురు మంచం మీద గాఢనిద్రలో ఉంది. ఉయ్యాల కదలడం లేదు.

ముందు నాకు ఉయ్యాల అడుగు కనబడింది. చీరను చీల్చుకుని బొటనవేలంత అలుగు కిందికి దిగి ఉంది. కిటికీ వెలుతురు దాని గీతల మీద పడుతోంది. పాప ఏడుపు లేదు. ఏడుపు వినబడుతుందేమోనని దారంతా భయపడ్డాను. ఏడుపు లేకపోవడం ఇంకా పెద్ద భయమని గడప దగ్గర తెలిసింది. నాకు అడుగు పడలేదు.

"కింద పట్టుకో," అంది నా భార్య, గొంతు ఎత్తకుండా. "కదలనీయొద్దు. నేను బిడ్డను తీస్తా."

మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు మడతలు పెట్టి, అలుగును కిందనుంచి పట్టుకున్నాను. నా చేయి వణికితే కత్తి వణుకుతుంది, కత్తి వణికితే పైన ఏమవుతుందో తెలియదు. చేతిని రాయి చేసుకున్నాను. రెండో చేయి చీర అడుగున ఆనించాను. వెచ్చగా ఉంది. ఆ ఒక్క వెచ్చదనం తప్ప నమ్ముకోవడానికి నా దగ్గర వేరే లెక్క లేదు.

నా భార్య రెండు చేతులూ పెట్టి పాపను నిలువుగా పైకి తీసింది. పాప ఉలిక్కిపడి, ముఖమంతా ముడుచుకుని, ఇల్లు అదిరేటట్లు ఏడ్చింది. గుడ్డలు విప్పి వీపు, నడుము, తొడలు, మడమలు అన్నీ తడిమి చూశాం. ఎక్కడా గీత కూడా లేదు. కత్తికి చుట్టిన గుడ్డ, బొంత అంచు, చీర తెగాయి. కూతురు లేచి, పాపను లాక్కుని, ఉయ్యాల కింద చూసి, అక్కడే నేల మీద కూలబడింది.

మా అమ్మ నీళ్ల బిందెతో వచ్చింది. విషయం విని ఉయ్యాల వైపు చూసింది. "చూసినారా, ఇనుము ఉండాది కాబట్టే బిడ్డకు ఏమీ కాలే," అంది.

"అత్తా, పొడిచేది ఆ ఇనుమే కదా!"

"పొడిచిందా? కింది పక్కకు పోయింది. నువ్వు కొడవలి గట్టు మీద పెట్టకపోతే ఇదంతా ఏంది?"

మాట గట్టిగానే అంది, కానీ బిందె దించలేకపోయింది. నేను పోయి పట్టుకున్నాను. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

కత్తిని బావిలో పారేయమంది నా భార్య. నాకు అది కూడా దాచడంలాగే అనిపించింది. కంటికి కనబడకుండా పోతుంది, అంతే. మరుసటి రోజు వై.ఎన్.హొసకోటలో కమ్మరి దగ్గరికి తీసుకుపోయాను. లోపలి స్ప్రింగు తీసేయమన్నాను. మీట కోసేయమన్నాను. రెండు చేతులతో లాగితే తప్ప తెరుచుకోకుండా బిగించమన్నాను.

"ఏందన్నా, ఇంత మంచి సామాను చెడగొట్టమంటావు?" అని అతను కత్తిని అటూ ఇటూ తిప్పాడు. "నాకిచ్చేయి, భద్రంగా పెట్టుకుంటా."

"చెడగొట్టప్పా," అన్నాను.

మీట ఉన్నచోట ఇప్పుడు పిడి మీద ఒక గుంట ఉంది. ఇత్తడికి గీతలు పడ్డాయి. వంకాయలకు, చిక్కుడుకాయలకు, గొర్రెల తాళ్లకు అన్నిటికీ అదే కత్తి. అలుగు మీది అలలు అరగడం మొదలైంది. బీరువాలో ఉన్నప్పుడు అది ఎక్కడుందో నాకు తెలుసు, అందుకే ఏ ఆలోచనా ఉండేది కాదు. ఇప్పుడు అది రోజుకొక చోట ఉంటుంది, ఇంకా మా ఇంట్లోనే ఉన్న పాప పాకడం నేర్చింది. సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విడవకముందే అడుగుతాను.

"కత్తి యాడ ఉండాది?"

"నా చేతిలో," అంటుంది నా భార్య వంటింట్లోంచి.

"పాప?"

"అవ్వ ఒళ్లో ఉండాది. లోపలికి రాప్పా."

అప్పుడు చెప్పులు విడుస్తాను.