ఏ రాయైతేనేం

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో చూపించుకునే పళ్ళ డాక్టరు ఆఫీసు తలుపు తీస్తే చాలు, గుప్పుమని లవంగం వాసన వస్తుంది, ఆ వాసనతో పాటు హన్మకొండలో మా పెద్దమ్మ గుర్తొస్తుంది. పోయిన వారం ఆ డాక్టరు మా ఏడేళ్ళ అనన్య నోరు చూసి, పాలదవడ పన్ను పుచ్చింది, తీసేయాలన్నాడు. తనైనా తీస్తాడట, కావాలంటే పిల్లల డెంటిస్ట్ దగ్గరికైనా పంపుతాడట. ఇక్కడైతే కుర్చీ పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకోవచ్చు. అక్కడ గోడల నిండా చేప బొమ్మలు, పైకప్పుకు టీవీ, కన్నవాళ్ళు మాత్రం బయటే ఉండాలి. మా ఆయన్ని అడిగితే, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం! ఏదో ఒకటి బుక్ చేసెయ్" అని నవ్వాడు.

నా చిన్నప్పుడు ఆ రాయి మా పెద్దమ్మే. ముసురు పట్టిన రోజుల్లో పల్లీపట్టీలూ నువ్వులుండలూ కొరికి కొరికి, పొద్దుగూకేసరికి దవడ పట్టుకుని ఏడుస్తూ వస్తే, వంటింటి గడప మీద కూర్చోబెట్టి, పొయ్యి వెలుగుకు నోరు తెరిపించి, "సలుపుతున్నదా, గుంజుతున్నదా, జివ్వుమంటున్నదా బిడ్డా?" అని అడిగేది, నేను చెప్పిన మాటను బట్టే ఏ పన్నో పట్టేసి, లవంగం నలిపి అందులో కూరేది. ఈలోగా పక్కిళ్ళవాళ్ళంతా వచ్చి తలో మందూ చెప్పేవారు. నొప్పి నాది, హడావిడి వాడకట్టందరిది. పన్ను ఊడిన రోజు దాన్ని పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరాక, అన్నలు "తొర్రిపళ్ళదానా" అని ఏడిపిస్తూ నా ముందే కరకరమని సర్వపిండి నములుతుంటే, నేను పెద్దమ్మ పక్కన నక్కి మెత్తటి పెరుగన్నం మింగేదాన్ని.

అందుకే అన్నాల దగ్గర అనన్యతో, మన డాక్టరు దగ్గరికే వెళ్దాం, నేను నీ పక్కనే ఉంటాను అన్నాను.

"నో అమ్మా, కిడ్స్ డెంటిస్ట్. అక్కడ నువ్వు లోపలికి రావు కదా."

"నేను లేకపోతే భయం వెయ్యదా?"

"నువ్వు స్కేర్డ్ ఫేస్ పెడతావ్. నాకు మోర్ భయం వస్తుంది."

తల్లి పక్కనుంటేనే భయమని బిడ్డ చెప్పాక ఇక ఎంచుకోవడానికేముంది? మర్నాడు బుక్ చేశాను.

ఈ రోజు దాన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు మూశారు. నేను చేప బొమ్మల కింద కూర్చున్నాను. అక్కడ లవంగం వాసన కూడా లేదు, అంతా బబుల్‌గమ్ వాసనే. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆ పెంకుటిల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. అనన్య పన్నును చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పట్టుకుని, ఏడవకుండా బయటికొచ్చింది.

ఇంటికి వస్తుంటే కార్‌లో మత్తు దిగినట్టుంది, వెనక సీటులో దవడ పట్టుకుంది.

"సలుపుతున్నదా, గుంజుతున్నదా బిడ్డా?" అన్నాను, నాకు తెలియకుండానే.

"అంటే ఏంటమ్మా?"

చెబుదామని నోరు తెరిచాను. సలుపుకు గానీ గుంజడానికి గానీ దానికి అర్థమయ్యే మాట ఒక్కటీ దొరకలేదు.

"హర్టింగా?" అన్నాను.

"యా" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.