వాసన తెలియని మనిషిని పంపించాను

కరోనా రెండో వేవ్ తగ్గిన ఏడాది వానాకాలంలో, సూరత్ నవాగామ్‌లో మా వరసలోనే నాలుగిళ్ల అవతల ఉండే కాక ఇంటికి ఒక మంచి కబురు చెప్పడానికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. గడప దాటగానే గ్యాస్ వాసన గుప్పున కొట్టింది. కాక దేవుడి పటాల ముందు దీపం వెలిగించబోతున్నాడు. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పుల్ల.

"కాకా, గీయకు!" అని అరిచాను.

ఆయన చేయి అలాగే ఆగిపోయింది. నేను పరుగెత్తి పొయ్యి కట్టేశాను, సిలిండర్ కట్టేశాను, కిటికీ రెక్కలు తోసేశాను. పాలు పొంగి మంట ఆరిపోయి ఉంది. చిన్నమ్మ నీళ్లు పట్టడానికి కిందికి వెళ్లింది. పొయ్యికి రెండడుగుల దూరంలో ఆయన ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో తెలియదు.

"ఏందే బిడ్డా, ఏమైంది?" అన్నాడు.

"గ్యాస్, కాకా! ఇల్లంత గ్యాసే. నీకు వాసన రాలేదా?"

ఆయన అగ్గిపెట్టెను మెల్లగా కింద పెట్టి తలుపు వైపు చూశాడు. చిన్నమ్మ ఇంకా రాలేదని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "మొన్న జరమొచ్చింది గద, గప్పటి సంది ముక్కుకు ఏం తెలుస్తలేదు. ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మీ చిన్నమ్మకు గూడ తెల్వది."

అగ్గిపెట్టె తీసి నా గుప్పిట్లో పెట్టుకున్నాను.

కాక మాకు రక్తసంబంధం కాదు. సిరిసిల్ల వైపు నుంచి మా నాన్నతో కలిసి ఒకే రైల్లో సూరత్ వచ్చి, పాండేసరలో మరమగ్గాల మీద పనికి కుదిరిన మనిషి. నన్ను చిన్నప్పుడు సైకిల్ మీద స్కూల్లో దింపింది ఆయనే. లాక్‌డౌన్ తరువాత ఆయన పనిచేసే కార్ఖానాలో సగం మగ్గాలు మళ్లీ తిరగనేలేదు. వారంలో మూడు రోజులు పని, నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవడం.

నేను అప్పటికి డిగ్రీ అయిపోయి, సలాబత్‌పురాలో ఒక బట్టల మార్కెట్ పైఅంతస్తులో ఉన్న చిన్న ఆఫీసులో చేరాను. విదేశాల్లో చేపలు కోసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలకు తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఆఫీసు అది. గుజరాతీ, హిందీ, తెలుగు మూడూ వచ్చు గనక, ఫోన్లు చేయడం, ఫారాలు నింపడం, కాంట్రాక్టు చదివి వినిపించడం నా పని. ఆ శీతాకాలానికి బాల్టిక్ సముద్రం ఒడ్డున ఒక ఫ్యాక్టరీకి మనుషులు కావాలన్నారు. పరీక్షకు పిలిచినవాళ్ల జాబితాలో కాక పేరుంది. ఆ రోజు నేను మోసుకెళ్లిన కబురు అదే.

"ముక్కు సంగతి చెప్తే పంపరు, బిడ్డా," అన్నాడు కాక, కబురు విన్నాక. "నువ్వే జర సాయం జెయ్యాలె."

వద్దని ఆ క్షణమే అనాల్సింది. అనలేదు. నాలుగు రోజులు పని లేక గుమ్మంలో కూర్చునే ఆయన్ని రోజూ చూస్తున్నాను. సరేనన్నాను.

పరీక్షలో ఒక ట్రేలో చేపలు పెట్టి, వాటిలో చెడిపోయినవి ఏవో ఏరి పక్కన పెట్టమంటారని నాకు తెలుసు. అందరూ వాసన చూసి చెప్తారు. వరుసగా రెండు ఆదివారాలు కాకను చేపల మార్కెట్‌కు తీసుకెళ్లాను. చేపలమ్మే ఆమె ముందు కూర్చుని, మొప్పలు ఎత్తి రంగు చూడడం, కన్ను మసకబారిందో లేదో చూడడం, వేలితో నొక్కితే పడిన గుంట తిరిగి పైకి లేస్తుందో లేదో చూడడం నేర్చుకున్నాం. వేళ్లతో బట్టలో తప్పు పోగును పట్టుకునే మనిషి ఆయన. తొందరగానే పట్టుబడింది.

పరీక్ష ఒక అద్దె కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. రబ్బరు బూట్లు, దళసరి కోటు తొడిగి గంటసేపు ఆ చలిలో నిలబెట్టి చేపలు కోయించారు. ఆ ఫ్యాక్టరీ తరఫున ఒక తెల్లాయన ఫోన్ తెరలోంచి అన్నీ చూస్తున్నాడు. కాక ట్రేలోంచి మూడు చేపలు ఏరి పక్కన పెట్టాడు. మిగతావాళ్లలా వాటిని ముక్కు దగ్గరికి కూడా తీసుకెళ్లాడు, నేను చెప్పకుండానే. మూడూ నిజంగా చెడిపోయినవే. అది చూసి నాకు సంతోషం కలగాలి. కలగలేదు; చూడలేక తల తిప్పుకున్నాను.

ఆరోగ్యం ఫారం నింపింది నేను. చూపు, వినికిడి, వాసన. మూడు గడులకూ 'మామూలే' అని టిక్కు పెట్టాను. "జల్దీ కరో బేన్, అంతా ఒక్కటే రాసెయ్," అని మా ఆఫీసు యజమాని సేఠ్ వెనకనుంచి తొందరపెడుతున్నాడు. కానీ పెన్ను పట్టుకున్న చేయి నాదే.

భయమంటే ఏమిటో నాకు వీసాలు వచ్చిన వారం తెలిసింది. ఎంపికైన పదకొండు మంది తెలుగువాళ్లను కూర్చోబెట్టి కాంట్రాక్టు చదువుతున్నాను. జీతం, పని గంటలు, గది, భోజనం అయ్యాయి. చివర జాగ్రత్తల కాగితం ఉంది. అంతకుముందు నేను దాన్ని పూర్తిగా చదవలేదు. గదుల్ని చల్లబరచడానికి అమ్మోనియా అనే గ్యాస్ వాడతారట. గొట్టం ఎక్కడైనా కారితే ఘాటైన వాసన వస్తుంది, ఆ వాసన తగిలిన వెంటనే చేతిలో పని వదిలేసి బయటికి పరుగెత్తాలి, ఆలస్యమైతే ఊపిరితిత్తులు కాలిపోతాయి, ప్రాణం పోవచ్చు.

అక్కడ చదవడం ఆపేశాను. "ఏమైంది చెల్లె, చదువు," అన్నారెవరో. చదివాను. కాక తల ఎత్తలేదు.

మెట్ల మీద ఆయన్ని ఆపాను. "పోవద్దు కాకా. నేను సేఠ్‌కు చెప్పేస్త."

"సైరన్ ఉంటది గద బిడ్డా. అందరు ఉరికితే నేను ఉరుకనా? పాస్‌పోర్ట్ మీద ముద్ర పడ్డది. ఇప్పుడు నోరు తెరువకు, నీ కాళ్లు మొక్కుత."

అంత పెద్దమనిషి ఆ మాట అనేసరికి నేను నోరు మూసుకున్నాను. సంక్రాంతి దాటాక వాళ్లు విమానం ఎక్కారు.

ఆ తరువాత నాకు కుదురు లేదు. ఆఫీసులో ఏసీ బుసమన్నా గొట్టాలే గుర్తొచ్చేవి. కాక పంపిన ఫోటోల్లో ఆయన ముఖం కాకుండా వెనక గోడ మీద పైపులు చూసేదాన్ని. పని చేసేటప్పుడు యంత్రాల చప్పుడుకు అందరూ చెవులకు కప్పులు పెట్టుకుంటారని ఒక ఫోటోలో కనబడింది. మరి సైరన్ ఎలా వినబడుతుంది? మూడు వారాలు ఓపిక పట్టాను. తరువాత ఆ పదకొండు మందిలో ఒకాయనకు మెసేజ్ పెట్టాను. జగిత్యాల వైపు మనిషి, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు, కాక పక్క బల్ల మీదే పని. 'అన్నా, మా కాకకు వాసన తెల్వదు. ఎవరికీ చెప్పొద్దు. ఏదన్న అయితే ఆయన్ని వదిలిపెట్టి రావద్దు.' కాసేపటికి జవాబు వచ్చింది. 'సరే చెల్లె, నేను చూసుకుంట.'

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆ అన్న దగ్గర్నుంచే వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక అరుపులు, దగ్గులు. "గ్యాస్ లీకైంది చెల్లె. అందరం బయట ఉన్నం. కాకను అంబులెన్స్‌ల తీస్కవోయిన్రు." అంతే. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదిసార్లు చేశాను.

సేఠ్‌కు తలనొప్పి అని చెప్పి ఆటో ఎక్కాను. చిన్నమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తోంది. సూరత్‌లో మా వాడలో ఆడవాళ్లందరూ చేసే పనే. నన్ను చూసి, "ఏంది బిడ్డా, గింత జల్దీ వచ్చినవ్?" అంది. చెప్పడానికే వచ్చాను. కానీ పక్కన కూర్చుని చీర రెండో కొస ఒళ్లోకి లాక్కున్నాను. ఒక్కో రాయి జిగురులో ముంచి పెడుతున్నాను. ఫోన్ నా మోకాలి కింద ఉంది. ఆమె ఆ వారం కాక పంపిన మాటలు చెబుతోంది, అక్కడ మంచు ఎలా కరిగిందో, రొట్టె ఎంత గట్టిగా ఉంటుందో. ఈ మనిషికి నేను ఏం చేశాను అని తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. రాళ్లు వంకరగా పడుతున్నాయి. ఆమె చూసి, వాటిని తీసి సరిగ్గా పెట్టింది.

సాయంత్రం ఆరున్నరకు ఫోన్ మోగింది. కాక. గొంతు గరగరలాడుతోంది.

"బతికిన బిడ్డా. కండ్లు మండుతున్నయ్, గంతే."

నేను ఏడవడం చూసి చిన్నమ్మ ఫోన్ లాక్కుంది. ఆ రోజు ఆమెకు అన్నీ తెలిశాయి.

జరిగింది ఏమిటో తరువాత ఆ అన్న చెప్పాడు. వాసన రాగానే చుట్టూ ఉన్నవాళ్లు కత్తులు పడేసి పరుగెత్తారు. కాక తల వంచుకుని కోస్తూనే ఉన్నాడట. అన్న తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్లాడు. కళ్లు మండేవరకు కాకకు ఏమీ తెలియలేదు. తరువాత సూపర్‌వైజర్ నిలదీశాడు, అందరూ పరుగెత్తుతుంటే ఇతను ఎందుకు కదల్లేదని. అన్న అబద్ధం చెప్పలేకపోయాడు. అక్కడి డాక్టరు చిన్న సీసాలు ముక్కు దగ్గర పెట్టి పరీక్ష చేశాడు. ఇంకా ఐదు నెలల కాంట్రాక్టు ఉండగానే కాకను పంపించేశారు.

ఆయన వచ్చిన మర్నాడు వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. బరువు తగ్గాడు.

"వానికి చెప్పింది నువ్వే గద?" అన్నాడు.

"నేనే కాకా."

"మార్కెట్‌కు తోల్కపోయి నేర్పింది నువ్వే. ఫారంల రాసింది నువ్వే. మళ్ల గిట్ల ఎందుకు జేసినవ్ బిడ్డా?"

"భయమైంది కాకా."

"ఇంకో ఐదు నెలలు ఆగకపోయినవా?"

చిన్నమ్మ వంటింట్లోంచి గట్టిగా, "ఐదు నెలలకు శవం వచ్చేది," అంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను వచ్చేశాను.

తరువాతి బ్యాచ్‌కు ఆ జాగ్రత్తల కాగితం చదవాల్సిన రోజున, వాసన తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే సంతకం పెట్టొద్దని తెలుగులోనూ హిందీలోనూ చెప్పాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. సేఠ్‌కు కోపం వచ్చింది. కాక ఫారంలో గడి నింపింది నేనేనని ఆయనకు చెప్పేసి, ఆ నెలాఖరుకు మానేశాను. ఇప్పుడు ఒక ట్యూషన్ సెంటర్‌లో లెక్కలు చెబుతున్నాను.

ఆ అన్నకు చెప్పినందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు. అంతకుముందు చేసినదానికే ఈరోజుకీ చెమట పడుతుంది.

కాక బమ్రోలిలో ఒక కార్ఖానాలో మళ్లీ మగ్గం మీదకు ఎక్కాడు. చిన్నమ్మ మా ఇంటికి వస్తుంది, ఆయన రాడు. పోయిన నెల ఒక పొద్దున షేరింగ్ ఆటో ఎక్కితే లోపల ఆయనే ఉన్నాడు. జరిగి చోటిచ్చాడు. పాండేసర కూడలి దగ్గర దిగి, డ్రైవర్‌కు ఇద్దరి కిరాయి ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.