అవ్వ వేళ్ళకు దొరికిన ముఖం

మొన్న మా మనవరాలు తన ప్లాస్టిక్ గుర్రానికున్న పాత రంగు ఊడదీయాలని థిన్నర్ సీసా మూత తీయగానే, వంటింట్లోంచి పరుగున వచ్చి లాక్కున్నాను. పిల్ల బిత్తరపోయింది. ఆ వాసనకు నాకు మాత్రం రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టిన రోజులూ, మా అవ్వా, మా ఇంటి క్రిస్మస్ పాకా ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మన వయసు వాళ్ళకు తెలుసు, అప్పట్లో ఏసు పుట్టిన పశువులపాక అని పండక్కి కట్టే పాకలో పెట్టే బొమ్మలు ఒకసారి కొంటే తరాలకు వచ్చేవి. మా ఇంట్లో మరియమ్మ, గొల్లలు సీసంవి, గొర్రెపిల్లలు ప్లాస్టిక్‌వి, అన్నీ బొటనవేలంత. పండగపూట వాళ్ళను పాతబట్టల్లో నిలబెట్టకూడదని అవ్వ పట్టు. అందుకని ఏటా పాత పూత మీదే కొత్త పూత వేసేవాళ్ళం, తలుపులకు వేయగా మిగిలిందో, ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిందో, ఏది ఉంటే అది. వానల్లేక శెనక్కాయ చేలోనే ఎండిపోయి మాకెవరికీ కొత్త గుడ్డ లేని ఏడు కూడా గొల్లలకు కొత్త రంగు తప్పలేదు.

చూపు పోయాక అవ్వ బొమ్మలను వేళ్ళతో తడిమి గుర్తుపట్టి తానే పాకలో నిలబెట్టేది. నేను జీన్స్ కుట్టే రోజుల్లో ఒక ఏడు మాత్రం మరియమ్మను ఎంతసేపు తడిమినా పోల్చుకోలేకపోయింది.

"ముక్కు యాడ పోయిందే పాపా? తల్లో, గొల్లోడో తెలీకుండా ఉండాది" అంటూ బొమ్మను నా ఒళ్ళో పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

ముఖాన్ని పూడ్చేసిన పాత పూతలు ఊడదీయడం ఎంత పని అని మా చిన్నాయన ముందు ఒక గొర్రెపిల్లను థిన్నర్‌లో ముంచాడు. కాసేపటికి దాని కాళ్ళు జిగురై గిన్నెకు అంటుకుపోయాయి. సంగతి విని అవ్వ, "ఏమప్పా, గొర్రెతో చారు కాసినావా? ఆ తల్లిని నీ చేతికి ఇయ్యనుపో" అంది.

బడి మధ్యలోనే మానేసిన నాకు గ్రంథాలయమే బడి. పని దిగగానే అక్కడికి పోయి, చేతిపనుల పుస్తకాలన్నీ తిరగేసి తెలుసుకున్నాను. థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, లోహాన్ని కరిగించదు. దేన్నయినా ముందు అడుగుభాగాన పరీక్షించి చూడాలి. సీసం, పాత రంగు రెండూ ఒంటికి చెడ్డవి కనుక పొడిగా గీకి దుమ్ము లేపకూడదు.

గొర్రెపిల్లలను సబ్బునీళ్ళలో రోజుల తరబడి నానబెట్టాను. మరియమ్మను మాత్రం పొయ్యికి దూరంగా, గాలాడే పెరట్లో, చేతులకు తొడుగులు వేసుకుని థిన్నర్‌లో ఉంచి, తడి ఆరకుండా మెత్తని బ్రష్‌తో రుద్దుతూ పోయాను. తలుపుల పచ్చరంగు వదిలింది. దాని కింద, కరువులో అమ్ముకోకముందు మా ఎద్దుల కొమ్ములకు పూసిన ఎర్రరంగు కనబడేసరికి చెయ్యి కాసేపు ఆగిపోయింది. అన్నిటికీ అడుగున ముక్కు, ముడుచుకున్న పెదవులు, కిందికి వాలిన కళ్ళు బయటపడ్డాయి.

శుభ్రంగా కడిగి అవ్వ చేతిలో పెట్టాను. బొటనవేలు ముఖం మీద ఒకటికి రెండుసార్లు నడిచి ఆగింది.

"ఈయమ్మే. ఇంక ఎవురూ రంగు ముట్టించద్దండి. పాతబట్టల్లోనే ఉండనీ" అంటూ తన పట్టును తానే వదిలేసింది. ఆ ఏడు పాక అవ్వే పెట్టింది.

మనవరాలి గుర్రం ఇప్పుడు సబ్బునీళ్ళలో నానుతోంది, పిల్ల ఇంకా ఎన్నాళ్ళని పూటకోసారి అడుగుతోంది. మరియమ్మ నా బీరువాలో ఉంది, అవ్వ వేళ్ళకు ముక్కు కొన కాస్త అరిగింది. నా కళ్ళకూ ఈమధ్య మసక కమ్ముతోంది. ఏటా మా అబ్బాయి తెచ్చే కొత్త పాకలో దీపాలు వెలుగుతాయి, బొమ్మలు తళతళలాడతాయి. కళ్ళు మూసుకుని తడిమితే మాత్రం అన్నీ ఒకటే నునుపు, తల్లి ఎవరో గొల్లవాడు ఎవరో నా వేళ్ళకు తెలియడం లేదు.