సరిహద్దు దాకా పిన్ని సెలవు

ఆ రోజుల్లో (మరీ పాతవేం కావు, ముక్కు మీది మాస్కులు గడ్డం కిందికి దిగుతున్న రోజులే) నాకు తెలియని సంగతి లేదని నాకో నమ్మకం ఉండేది. నలభై దాటాకే దుబాయ్ వచ్చాను (దిగింది అల్ ఐన్‌లోనే అయినా మావాళ్లకు అదీ దుబాయే), కాబట్టి ఉద్యోగంలో పసివాడి కిందే లెక్క. కాలేజీ గడప తొక్కలేదు, లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. ఖర్జూరాల గోదాములో లారీ టైరు నొక్కుడు చూసి సరుకెంతో చెప్పేసేవాణ్ణి. కాటా నన్ను ఎప్పుడో గాని కాదనేది కాదు.

మా పిన్ని ఆ ఊళ్లోనే ఒక ఇంట్లో వంటచేసేది. ఏళ్ల తరబడి ఉన్నా ఆవిడ చూసిన అల్ ఐన్ వంటింటి కిటికీలో పట్టినంతే. ఒక శుక్రవారం ఆ ఇంటి పెద్దావిడ మొదటిసారి సెలవిచ్చింది. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినబడేలోగా గేటు లోపల ఉంటే ఇకపై ప్రతి శుక్రవారమూ సెలవే, ఆలస్యమైతే ఖలాస్ అంది. సమయం సంగతి నాకొదిలేయమని పిన్నికి మాటిచ్చాను. మలుపులు, సిగ్నళ్లు అన్నీ లెక్కగట్టి, పైన కాస్త అదనం కూడా కలిపాను.

గోదాము వ్యాను నడిపేది కరీంనగర్ మనిషి. ముందున్న ప్రతి బండినీ యల్లా యల్లా అని తరిమేవాడు కనుక అందరికీ యల్లా అన్న. అతని పక్కన కూర్చుని నేను పిన్నికి ఊరు వినిపించడం మొదలెట్టాను. ఫలజ్ కాలువల్లో తోటలకు నీళ్లు వంతులవారీగా ఎలా పారతాయో, ఒంటెల సంతకు ఎక్కడెక్కడినుంచి వస్తారో చెప్పాను. రొట్టెల కొట్టు పఠాన్‌ది, కిరాణా మలయాళీది, తోటపని బంగ్లా వాళ్లది, వంటిల్లు మన గోదావరి వాళ్లదని చెబితే పిన్ని మురిసిపోయింది. తిరుగు దారిలో గొంతు సవరించుకుని చరిత్రలోకి దిగాను. ఇటు అల్ ఐన్, అటు ఒమాన్ వాళ్ల బురైమి, ఒకప్పుడు ఒకే ఇంటి వసారా, పెరడూ లాంటివి, కంచె నిన్నగాక మొన్నటిది, అంతకుముందు జనం ఇటూ అటూ అడక్కుండా తిరిగేవాళ్లు అని చేతులు తిప్పుతూ చెబుతున్నాను. ఎడమకు తిరగమనాల్సిన మలుపు ఆ చేతుల కిందనుంచే వెళ్లిపోయింది. చూస్తే ముందో లారీ, వెనకో లారీ, రెండు పక్కలా సిమెంటు గోడ.

"ఒరేయ్ అబ్బాయ్, ఇదే ఊర్రా?"

"ఒమాన్ పిన్నీ. అంటే, ఇంకా కాలేదు."

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర సైనికుడు అద్దం దింపమని, ఒమాన్ ఎందుకు వెళ్తున్నారని హిందీలో అడిగాడు. నేను కంచె వేయకముందు రోజుల నుంచి అందుకున్నాను.

"అన్నా, ముందుగాల ఎన్కకు ఎట్ల పోవాల్నో అడుగు," అన్నాడు యల్లా అన్న. "చరిత్ర రూముల చెప్పుకుందాం."

వెనకున్న లారీలన్నిటినీ జరిపి మమ్మల్ని బయటికి లాగేసరికి అజాన్ వినబడింది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే నవ్వు ఆపుకోలేక.

"పోన్లేరా. ఒక్క సెలవుకి దేశం చివరిదాకా చూపించేవు."

గేటు దగ్గర పెద్దావిడ నిలబడే ఉంది. పిన్ని తన వంటింటి అరబ్బీలో జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పెద్దావిడ సెలవు ఊసెత్తలేదు. కంచె అవతల ఖర్జూరపు చెట్లు కనిపించాయా అని మాత్రం అడిగింది. కనిపించాయంది పిన్ని. పెద్దావిడ పుట్టిల్లు ఆ చెట్ల వెనకేనట. చిన్నప్పుడు పొయ్యి మీద అన్నం ఉడికేలోగా అక్కణ్ణుంచి ఇటు నడిచి వచ్చి వెళ్లిపోయేదట.

పై శుక్రవారం వ్యానులో వెనక సీటులో పిన్ని పక్కన పెద్దావిడ కూడా ఎక్కింది. నేను నోరు తెరిచినప్పుడల్లా చెయ్యెత్తి ఆపి, అసలు సంగతి తను చెప్పేది. పిన్ని దాన్ని తెలుగు చేసేది, మధ్యలో తన వ్యాఖ్యలూ చేర్చి.

ఇప్పటికీ ఆ మలుపు వస్తే నాకు నోరు దానంతటదే మూతపడుతుంది. అయినా ఒక్కోసారి ఎడమకు తిరగకుండా, ఆ చెట్లు కనబడేంత దూరం పోయి వస్తుంటాను. లెక్కలో అదనంగా కలుపుకునే కాస్త సమయం ఇప్పుడు దానికే.