బొగ్గుకీ నూలుకీ ఒకే అంకె

ఆ ఏడు అశోక్‌నగర్‌లో మా పక్క గదిలో ఒక పరిశోధక విద్యార్థి ఉండేవాడు. గోదావరి వైపు మనిషి. ఏ పరిశ్రమ సరుకు ఏ పరిశ్రమకు ఎంత పోతుందన్నది అతని అంశం. సిద్ధాంత గ్రంథం సమర్పించే గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఆ నెల దాటితే నమోదు రద్దు.

అతని పట్టికలో అడ్డవరసలు ఇచ్చే పరిశ్రమలు, నిలువు వరసలు పుచ్చుకునేవి. అసలు లెక్కకు ముందు దాన్ని తిప్పి, అడ్డాన్ని నిలువు చెయ్యాలి. అందుకు కంప్యూటర్‌తో పాటు వచ్చిన తయారు ప్రోగ్రాం ఉందట. పట్టిక పేరూ, తిప్పిన నకలు ఉంచే చోటు పేరూ చెబితే చాలు. నగరంలో ఒక సంస్థవాళ్లు తమ కంప్యూటర్ మీద పని చేసుకోవడానికి ఒక వంతు ఇచ్చారు. ఫలితాలు వచ్చాయి, టైపు అయింది. చిక్కడపల్లిలో బైండింగుకు ఇచ్చే ముందు సరిచూద్దామన్నాడు.

"మీ పత్రిక ప్రెస్సులో ప్రూఫులు ఒకరు చదివితే ఒకరు చూస్తారు కదండీ, అలాగ."

ఆదివారం వరండాలో కూర్చున్నాం. తిప్పిన పట్టిక ఉన్న కంప్యూటర్ కాగితం నా చేతిలో, టైపు ప్రతి అతని చేతిలో. పత్రిక ప్రూఫుల్లో కాలమ్ చదివే అలవాటు కొద్దీ పైనుంచి కిందికి చదువుకుంటూ పోయాను. అతను ఎక్కడా ఆపలేదు.

"మొదటి అడ్డవరస అయిందండి. రెండోది కానివ్వండి."

"నేను చదివింది నిలువు వరస."

కాగితం లాక్కున్నాడు. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా వేలు పెట్టి చూశాడు.

"బొగ్గు గని నుంచి నూలు మిల్లుకు పోయేదీ, నూలు మిల్లు నుంచి గనికి పోయేదీ ఒకటేనండి ఇందులో."

కంప్యూటర్‌లో చోటు తక్కువని నకలుకు కూడా అసలు పట్టిక పేరే ఇచ్చాడు. తిప్పిన అంకె ఒక్కొక్కటీ కంప్యూటర్ ఇంకా చదవని అంకె మీద కూర్చుంది. సగం పట్టిక చెరిగిపోయి, మిగతా సగమే రెండుసార్లు అచ్చయింది. దాని మీద కట్టిన లెక్కంతా తప్పే.

మాకు గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ వచ్చింది. "ఏంది సారూ, గట్ల కూసున్నరు? చాయ్ సల్లారిపాయె. మిషిన్ తప్పు జేసిందా?"

"లేదండి. నేను చెప్పినట్టే చేసింది."

"అయితే జర మల్ల చెయ్యమనుర్రి. పరేషాన్ ఎందుకు?"

మర్నాడు అసలు పట్టిక అంకెలు పంచ్ చేసిన కార్డుల కట్ట పట్టుకుని సంస్థకు వెళ్లాడు. ఊళ్లో ఆందోళన. నారాయణగూడలో బస్సులు ఆపేస్తే నడిచి వచ్చాడు. గొడవలు సద్దుమణిగేదాకా బయటివాళ్లకు వంతు లేదన్నారట.

"ఇలాగే ఇచ్చేస్తే?" అన్నాను.

"గనిలో కూలివాడైనా నవ్వుతాడండి."

భోంచేసి, తెల్లకాగితం మీద స్కేలుతో గళ్లు గీసుకున్నాడు. కార్డుల మీది అంకెలు చూసి పట్టికను చేత్తోనే తిప్పి రాశాడు. దీపాలు పెట్టేవేళకు పూర్తయింది. ఈసారి నేను చదివాను, అతను చూశాడు. ఒక్క తప్పు లేదు. దాని తరవాతి అసలు లెక్క కూడా చేత్తో చెయ్యాలంటే ఎంతకాలం పడుతుందని అడిగాను. అతను కాగితాన్ని మడిచి కార్డుల కట్ట కింద పెట్టాడు. గోడ మీది క్యాలెండరులో నెలాఖరుకు మిగిలిన రోజులు లెక్కపెట్టుకున్నాడు.