వెలికా అవ్వ గులాబీ టమాటా, మెతోడీ రొట్టెముక్క

బాల్కన్ కొండల కింద మా ఊళ్లో మునిసిపాలిటీ ఉత్తర్వులను ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, వెలికా అవ్వ పెరటి నియమాలను పోస్టుమాన్ కూడా పాటిస్తాడు. మిరప మడి దాటేటప్పుడు గట్టు మీదే నడవాలి. దోసపాదు దగ్గర సిగరెట్టు వెలిగించకూడదు. ఇక పన్నెండు గులాబీ టమాటా మొక్కలున్న మూల వైపు వేలు చూపించవచ్చు, చెయ్యి చాపకూడదు.

ఆ టమాటాలు ఒక్కొక్కటీ రెండు గుప్పిళ్లంత ఉంటాయి. తోలు మరీ పలచన. బస్సెక్కిస్తే పక్క ఊరు చేరేలోపే చితికిపోతాయి కాబట్టి ఏ వ్యాపారీ వాటి జోలికి పోలేదు. ఆ విత్తనం అవ్వ తల్లి రుమాలు కొసన ముడి వేసి తెచ్చుకున్నది. డెబ్బై మూడేళ్లు వచ్చినా అవ్వ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఇరుగుపొరుగుకు పండు పంపినా ముక్కలు కోసి, గింజలు తీసేసి పంపేది. దీన్ని ఊరు పిసినారితనం అనేది, అవ్వ జాగ్రత్త అనేది. నలభై ఏళ్లుగా ఇరుపక్షాలూ తమ మాట మీదే నిలబడ్డాయి.

విత్తనానికి ఏటా ఒక్కటే పండు. రెండో గుత్తిలో మేలైన కాయను ఎంచి, దాని తొడిమకు తన మార్తెనిత్సా కట్టేది. మార్చి ఒకటిన మేమంతా మణికట్టుకు కట్టుకునే ఎరుపు తెలుపు దారం అది. కొంగ కనబడ్డాక విప్పి, పూత మీదున్న చెట్టుకు కట్టడం ఆచారం. అవ్వ మాత్రం సొరుగులో దాచి, జులైలో టమాటాకు కట్టేది. చెట్లకు అన్యాయం కాదా అని చర్చి ఫాదర్ ఒకసారి అడిగాడు. చెట్లకు ఊరంతా ఉందనీ, టమాటాకు తానొక్కతే ఉందనీ అవ్వ జవాబు. 

ఆ ఏడు జులైలో వడగళ్లు పడ్డాయి. పావుగంటలో పదకొండు మొక్కలు నేలకొరిగాయి. పన్నెండోది కంచె చాటున సగం బతికింది. దాని మీద నిలిచింది దారం కట్టిన ఒక్క కాయ. పాత గింజలన్నీ ఆ వసంతంలోనే నాటేసింది కాబట్టి, రెండు తరాల వంశం ఒక్క తొడిమకు వేలాడుతోందన్నమాట. అది రంగు తిరిగేదాకా అవ్వ కుర్చీ పెరట్లోనే ఉంది.

ఆగస్టులో మరియమ్మ పండుగకు పట్నం నుంచి అవ్వ చెల్లెలు యాన్కా, ఆమె భర్త మెతోడీ వచ్చారు. మెతోడీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిటైరైన మనిషి. చెప్పిన పనికి కాస్త అదనం చేర్చడం ఆయన సుగుణం. అవ్వ వసారాలో మిరపకాయలు కాలుస్తూ, సలాడుకు రెండు దోసకాయలు కోసుకు రమ్మంది. అదే ప్రాణం మీదికి వచ్చింది. పెరట్లో ఆయనకు దారం కట్టిన టమాటా కనబడింది. అతిథుల కోసం వదినగారు అలంకరించి ఉంచారని ఆయన మనసు నిండిపోయింది. పండు కోశాడు. ముక్కలు తరిగి ఉల్లి, దోస కలిపి, ఉప్పు, నూనె వేసి, పైన గొర్రెపాల చీజ్ తురిమాడు. దారాన్ని మర్యాదగా బల్ల మీది రకియా అనే పండ్ల సారా సీసా మెడకు చుట్టాడు.

పొరుగింటి నుంచి పండుగ భోజనానికి వచ్చిన నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను. నాలుగు ముక్కలు తిన్నాను కాబట్టి ముద్దాయిల జాబితాలో నన్నూ చేర్చవచ్చు.

అవ్వ మిరపకాయల పళ్లెంతో వచ్చి సీసా మెడ చూసింది. యాన్కా కూడా అప్పుడే చూసింది, ముఖం పాలిపోయింది. అప్పటికి గిన్నెలో ముక్కల్లేవు, అడుగున రసం మాత్రం ఉంది. మా వైపు సలాడు తినేదే ఆ రసం కోసం. రొట్టెతో గిన్నె తుడిచేదాకా భోజనం అయినట్టు కాదు. మెతోడీ చేతిలోని రొట్టెముక్క గిన్నెకు జానెడు ఎత్తున ఉంది.

"మెతోడీ, రొట్టె కింద పెట్టు," అంది అవ్వ, గొంతు పెంచకుండానే.

"ఒక్క ముక్క ముంచుకుంటాను వదినా. ఈ రసం పారబోస్తే పాపం కదా."

"అందులో మా అమ్మ ఉంది."

రొట్టె వెనక్కి తగ్గింది. అవ్వ రసాన్ని టీ జల్లెడలో పోసి, నూనె జిడ్డు పోయేలా కడిగి, చీజ్ తునకల మధ్య నుంచి గింజలు ఏరింది. పంతొమ్మిది దొరికాయి. వాటిని గాజు సీసాలో నీళ్లు పోసి కిటికీలో పెట్టింది. మూడు రోజులు పులిశాక వార్తాపత్రిక మీద ఆరబెడతారు. ఉప్పు తగిలిన గింజలు మొలుస్తాయా అని మెతోడీ భయం భయంగా అడిగాడు.

"నువ్వు ముప్పై ఏళ్లు ఆఫీసులో నానావు. అయినా రిటైరయ్యాక మొలకెత్తలేదూ? ఇవీ మొలుస్తాయి," అంది అవ్వ.

మార్చిలో పెరుగు డబ్బాల్లో విత్తితే పదిహేడు మొలిచాయి. మే నెలలో అవ్వ అయిదు మొక్కలు ఉంచుకుని, మిగతావి డబ్బాలతో సహా తానే ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చింది. ఊరు నోరు వెళ్లబెట్టింది. నేను కారణం అడిగాను.

"ఒక్క పెరట్లోనే ఉంటే దానికి ఒక్క వడగళ్ల వాన చాలు. ఒక్క మరిది చాలు."

ఆ మరిదికీ ఒక డబ్బా వెళ్లింది. జులై చివర ఆయన ఫోన్ చేశాడు. బాల్కనీలో ఒక కాయ గులాబీ రంగు తిరిగిందట.

"ఒకటేనా? దారం కట్టావా?" అంది అవ్వ.

"ఎప్పుడో కట్టాను వదినా. యాన్కాను బాల్కనీలోకి కూడా రానివ్వడం లేదు."